ఫిల్టర్‌లో కుంకం

ఈ కాగితంలో 'పొరపాటున' అని రాసినారే, ఆ మాట కొట్టేయండి యోగానంద సార్. అది ఉన్నంతవరకు ఈ ధరణి సంతకం పెట్టేది లేదు. పొరపాటున సీలు తెంచేదానికి నేనేమన్నా నిన్న చేరినానా? ఆరేండ్లుగా వడమాలపేట నుంచి బస్సెక్కి వచ్చి ఈ కంపెనీలో ఉపగ్రహాల్లో తరంగాల్ని వడకట్టే ఫిల్టర్లు ట్యూన్ చేస్తా ఉండాను. తెలిసే తెంచినాను.

ఏందీ? ఇంత డబ్బాకి అంత రాద్ధాంతమా అంటారా? సాలు సార్! మీరు ఉపగ్రహం వాళ్ల తరపున విచారణకి వచ్చినోళ్లు, మీకు తెలియనిదా? లోపలంతా వెండి పూత. పైన ఇరవై రెండు స్క్రూలు. ఒక్కటి వెంట్రుకవాసి తిరిగినా పరీక్ష మిషను తెరమీద గీత యాడికో పోతుంది. తొమ్మిది దినాలు కూర్చోని ఆ గీతని దారికి తెచ్చినాను. పరీక్షలన్నీ పాసైంది, సీలు పడింది.

పంపేముందు శనివారం మా మేనేజరు ముకుందం సార్ పూజ పెట్టినారు. ఆయన్ని తప్పుపట్టేది లేదప్పా, తరతరాలుగా గుడి కైంకర్యం చేసే ఇల్లు. కొబ్బరికాయ బయటే కొట్టించినారు. కర్పూరం దూరం నుంచే సూపించినారు. డబ్బా నెత్తిన మాత్రం కుంకంబొట్టు పెట్టినారు. తరంగాలు పోయే నోటికి క్యాప్ తీసి ఉండాది. పొడి రాలి లోపలికి పోయింది. నా కండ్లతో సూసినాను!

చెప్తే ఏమన్నారో తెలుసా? "స్వామి కుంకమే గదమ్మా, మంచే చేస్తుంది" అన్నారు.

నుదుటన పెట్టుకుంటే మంచే చేస్తుంది సార్. కంట్లో పడితే? పైన ఉపగ్రహం తిరిగే కాడ గాలి కూడా ఉండదు. అంత పవర్ పోతా ఉంటే ఆ నలుసు కాడ మెరుపు కొడితే చానలే పోతుంది. ఆడికి ఎవరు పోయి తుడుస్తారు? మీరు పోతారా?

అందుకే ఆదివారం వచ్చి, సీలు తెంచి, మూత విప్పి, తుడిచినాను. సోమవారం నేనే చెప్పినాను. దాచినానా? పరీక్షలన్నీ మళ్లా చెయ్యాల, రెండు వారాలు ఆలస్యం. నిజమే. దానికి నన్ను తిట్టండి, పడతాను. కానీ అందరూ అనేది అది కాదు, స్వామి కుంకం తుడిచిందంట, కొవ్వెక్కిందంట! క్యాంటీన్లో దినామూ నాతో తినే నాగవేణి సైతం నా పక్కన కూర్చోవడంలేదు. మాయమ్మ ఏమో "పెట్టెయ్ మే సంతకం, ఉద్యోగమన్నా నిలబడుతుంది" అని ఒకటే పోరు.

తీసేస్తారా? తీసేయండి. నలుసున్న డబ్బాని మాత్రం నా చేత్తో పైకి పంపను.

ఏమన్నారు సార్? మళ్లా అడగండి.

ఆ క్యాప్ ఎవరు తీసినారనా?

అబ్బా... ఇన్ని దినాల్లో ఆ మాట అడిగింది మీరొక్కరే.

నేనే సార్. తొమ్మిది దినాలు కూర్చోని చేసినాను గదా, హారతి వెలుగు లోపలికి పోవాలని ఆశ. స్వామి ఒక్కసారి లోపలికి సూడాలని తీసినాను. తీయకూడదని నాకు తెలీదా? తెలుసు. పుణ్యానికి పోతే పాపం ఎదురైంది.

అదీ పొరపాటు కాదు. రెండూ రాయండి. క్యాప్ తీసింది ధరణి, సీలు తెంచింది ధరణి. పెన్ను ఇట్లియ్యండి, దానికింద పెడతాను సంతకం.