తెలీదంటే సరిపోయేది

పై అంతస్తులో చిన్న గది. కిటికీ పక్కన కుట్టు మిషన్ మీద వదిన బడి పిల్లల చొక్కాలు కుడుతోంది. ఆమె భర్త చెల్లెలు కోర్టు నుంచి అప్పుడే వచ్చింది.

"ఒక్క మాట వదినా! ఒక్కటంటే ఒక్క మాట! 'తెలీదు' అంటే సరిపోయేది."

"చెప్పులు విప్పి లోపలికి రా ముందు. ఎవరు అనాల్సింది?"

"ఇంకెవరు! దీనికేనా మూడేళ్ళు నేను కాళ్ళరిగేలా తిరిగింది? జడ్జి గారికి సెలవన్నారు, తిరిగాను. లాయర్ల సమ్మె అన్నారు, తిరిగాను. అవతలి లాయరుకి పన్ను నొప్పన్నారు, ఆయన పన్ను కోసం కూడా తిరిగాను. ఇవాళ అన్నీ కుదిరాయి. అందరూ వచ్చారు. తీరా చూస్తే మన సాక్షే..."

"రాలేదా?"

"వచ్చాడు. రాకపోయినా బాగుండేది."

"మాట తిప్పేశాడా? నాకు తెలుసు పిట్టా. ఆ పిరికోడు ఎప్పటికైనా తిరిగిపోతాడని మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా. మీ అన్నని ఆ ముగ్గురి మధ్య వదిలేసి పరిగెత్తినవాడు బోనులో నిలబడతాడా! అందుకే నేను రానన్నది. వాడి మొహం చూడలేక."

"మాట తిప్పలేదు."

"మరి?"

"అంతా చెప్పాడు. పూస గుచ్చినట్టు. తనూ అన్నయ్యా కలిసి అద్దాల షాపులో పనిచేసేవాళ్ళమన్నాడు. ముందు రోజు ఆ మూలింటోడు నడివీధిలో పెళ్ళాన్ని కొడుతుంటే అన్నయ్య అడ్డుపడి వాడి చెయ్యి విరిచి పట్టుకున్నాడని, ఆ కచ్చతోనే షాపు మూసే వేళకి ఇంకో ఇద్దర్ని వెంటేసుకుని వచ్చాడని చెప్పాడు. వేలు పెట్టి చూపించాడు. వీడు, వీడు, వీడు. కత్తి ఎవరి చేతిలో ఉందో కూడా."

"మరింకేం! అదేగా మనకి కావాల్సింది. ఆ మాత్రందానికి ఇంత చిందులెందుకు?"

"అక్కడితో అయిపోతే కదా... వదినా, ఆ మిషన్ కాసేపు ఆపవా?"

"పొద్దున్నే ఇచ్చేయాలి ఇవి. నువ్వు చెప్పు, నా చెవులు ఖాళీగానే ఉన్నాయి."

"అవతలి లాయరు లేచాడు. వెలుతురెంత, దూరమెంత, నీ కళ్ళెలా పనిచేస్తాయి... ఒకటా రెండా. ఆయన మాత్రం దేనికీ తడబడకుండా..."

"ఎవరు, లాయరా?"

"కాదు. ఆయన. సాక్షి."

"ఆయనా?"

"అదే. అతను."

"పొద్దున ఈ గుమ్మం దాటేటప్పుడు 'వాడొస్తాడో రాడో' అని వెళ్ళావ్. సాయంత్రానికి 'ఆయన' అయిపోయాడా?"

"కోర్టులో ప్యూనుని కూడా గారు గారు అని నోటికి అలవాటైపోయింది. అది కాదు, విను. 'నువ్వెందుకు పారిపోయావ్' అని అడిగాడు లాయరు. 'భయమేసి పరిగెత్తానండి' అన్నాడు."

"అంతేనా?"

"అంతే. సాయం కోసం వెళ్ళానని చెప్పొచ్చుగా? నలుగుర్నీ పిలుచుకొద్దామని వెళ్ళానని? వినేవాళ్ళకీ బాగుండేది. అబ్బే! భయమేసిందట."

"ఇంకేం చెప్పలేదా?"

"లేదు."

"ఎందుకు పరిగెత్తావంటే... భయమేసి. అంతే."

"అంతేనన్నాగా! ఏంటి వదినా, అక్కడే పట్టుకు వేలాడతావ్?"

"ఏం లేదు. దారం తెగింది. చెప్పు నువ్వు."

"తర్వాత ఫైల్లోంచి ఓ ఫోటో తీశాడు."

"ఏం ఫోటో?"

"ఏదో ఫోటో. టీ తాగుతున్నది."

"ఎవరు తాగుతున్నది?"

"అతనే."

"టీ తాగడం కూడా నేరమేనా? ఒక్కడే తాగుతున్నాడా?"

"మంచినీళ్ళున్నాయా?"

"ఆ సీసాలో ఉన్నాయి. ఎవరితో తాగుతున్నాడు పిట్టా?"

"నాతో... మిషన్ ఆపావేంటి?"

"ఆపమన్నది నువ్వేగా."

"సాక్షి వదినా! తిరిగిపోకుండా చూసుకోవద్దా? ఓ కంట కనిపెట్టమని నువ్వేగా అన్నావ్."

"కనిపెట్టమన్నాను. కలిసి టీ తాగమన్లేదు."

"షాపుకి వెళ్ళిన మనిషిని ఊరికే పంపిస్తారా ఎవరైనా? ఓ కప్పు చేతిలో పెట్టారు."

"ఎందుకు వెళ్ళావ్?"

"వాయిదా పడ్డప్పుడల్లా వెళ్ళాలిగా. మళ్ళీ ఎప్పుడో చెప్పడానికి."

"ఫోనుంది కదా."

"ఫోన్లో... అక్కడ సరిగ్గా సిగ్నల్ రాదు."

"ఓహో. గాజు అడ్డమొస్తుంది కాబోలు."

"వెటకారాలాపు వదినా. ఇక్కడ నా కొంప కాలుతుంటే!"

"సరే. ఫోటో చూపించి ఏమడిగాడు?"

"ఈ అమ్మాయి నీకు తెలుసా అని."

"తెలుసనే చెప్పాలిగా. పోయినాయన చెల్లెలని."

"అదే చెప్పాడు. 'అంతేనా, అంతకుమించి ఏమీ లేదా' అన్నాడు లాయరు. అక్కడ వదినా, అక్కడే! 'అంతకుమించి నాకు తెలీదండి' అంటే సరిపోయేది. చిలక్కి చెప్పినట్టు చెప్పాను నిన్న. గడ్డం పుచ్చుకు బతిమాలాను. మన లాయరమ్మకి కూడా తెలియకుండా వెళ్ళి మరీ చెప్పొచ్చాను. మిగతాదంతా నిజమే చెప్పు, ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం అన్నయ్య కోసం ఒక్క అబద్ధం చెప్పు అని."

"అంతకుమించి ఏముందని, అబద్ధం చెప్పడానికి? నిన్నే. ఏముంది?"

"'ఆమెని పెళ్ళి చేసుకుందామనుకుంటున్నానండి' అన్నాడు."

"కోర్టులోనా?"

"బోనులో. ప్రమాణం చేసి మరీ. టైపు కొట్టేవాడు కూడా చేతులాపి తలెత్తి చూశాడు. ఏదో ఒకటి అను వదినా."

"ఎప్పట్నుంచి?"

"అదేముందిలే ఇప్పుడు..."

"ఎప్పట్నుంచి అంటున్నా!"

"నాకే తెలీదు, నిజంగా. మొదట్లో తిట్టడానికే వెళ్ళేదాన్ని. ఆ షాపు ముందు నిలబడి నోటికొచ్చినట్టల్లా తిట్టేదాన్ని. తలొంచుకుని వినేవాడు. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. తిట్టి తిట్టి తిట్లయిపోయాయి."

"తిట్లయిపోతే మనువాడతారా? మగాళ్ళే కరువయ్యారా నీకు? మీ అన్న ఒంట్లో కత్తి దిగుతుంటే వీపు చూపించినవాడే దొరికాడా?"

"అవును. వాడే దొరికాడు."

"నోటికి అడ్డూ ఆపూ లేకుండా ఎలా అంటున్నావే ఆ మాట!"

"మరేం చెయ్యను? ఈ ఇంట్లో అన్నయ్య ఉన్నాడా చెప్పు! ఆయన పేరెత్తితే కేసు. నోరు తెరిస్తే వాయిదా. ఆయన చొక్కాలు అటకెక్కించావ్. దువ్వెన కూడా కనపడనివ్వలేదు. నువ్వు మాట్లాడవు, నన్ను మాట్లాడనివ్వవు. నేనేదైనా అనబోతే గరగరా మిషన్ తొక్కుతావ్. లాయరమ్మ ఏమంది, కాగితాలెక్కడ పెట్టావ్... ఈ రెండూ కాక మనిద్దరి మధ్య మూడో మాట ఎప్పుడైనా విన్నావా?"

"మొదలెడితే ఆపుకోలేనని భయం నాకు. అందుకని."

"అది నాకెప్పుడైనా చెప్పావా? అక్కడికెళ్తే అన్నయ్య గురించి మాట్లాడేవాడు వదినా. కత్తి గురించి కాదు. చచ్చిపోవడం గురించి కాదు. కొలత తప్పు కోసి, నెపం టేపు మీద పెట్టేవాడట అన్నయ్య. గిరాకీ లేనప్పుడు గోడకి ఆనించిన అద్దాలన్నిట్లో ఒక్కోదాంట్లో ఒక్కోసారి క్రాఫు దువ్వుకునేవాడట. ఎవరింట్లోనో స్నానాల గదిలో అద్దం తలకిందులుగా బిగించొచ్చి, అద్దానికి తలేమిటి కాళ్ళేమిటి అని ఇంటావిడతోనే తగువు పెట్టుకున్నాడట."

"పెట్టుకుంటాడు. మొండి మనిషి."

"అది విని నవ్వాను. అన్నయ్య పోయాక మొదటిసారి నవ్వాను. నవ్వినందుకు సిగ్గేసి, అక్కడే కూలబడి ఏడ్చాను. ఓదార్చలేదు, ఏమీ అనలేదు. చేతులనిండా గాజు రజను. ముట్టుకుంటే గుచ్చుకుంటుందని దూరంగా నిలబడ్డాడు. నా ఏడుపయ్యేదాకా అట్లాగే నిలబడ్డాడు."

"ఆ రోజు కూడా అట్లాగే నిలబడి ఉంటే నా మొగుడు..."

"తెలుసు! ఆయనకీ తెలుసు వదినా. ఎవరూ చెప్పక్కర్లేదు. షట్టరు దించిన ప్రతిసారీ తెలుసు."

"మరి అంత మంచోడైతే ఇప్పుడీ ఏడుపెందుకు? పోయి చేసుకో!"

"కేసు పోతుందే అని! అన్నయ్యని చంపినవాళ్ళు చక్కా బయట తిరుగుతారని! ఆ లాయరు వెంటనే అందుకున్నాడు. 'ఓహో, అయితే ఆవిడ కోసం ఏం చెప్పమంటే అది చెప్తావన్నమాట' అని. పోనీ అప్పుడైనా నోరు మూసుకోవచ్చుగా ఈయన?"

"ఏమన్నాడు?"

"చెప్పను. తల తీసేసినట్టయింది నాకు."

"చెప్పవే."

"'లేదండి, ఆవిడ కోసమైతే తెలీదని చెప్పాలండి. నిన్న అదే చెప్పమని బతిమాలింది' అన్నాడు. జడ్జి గారు కళ్ళజోడు తీసి నా వంక చూశారు. హాలంతా వెనక్కి తిరిగింది. ఆ బెంచీ కిందికి దూరిపోదామనుకున్నా... వదినా? వదినా, నవ్వుతున్నావా?"

"లేదు."

"నవ్వుతున్నావ్!"

"జడ్జి గారితోనే అన్నాడా? 'బతిమాలింది' అని?"

"ఇందులో నవ్వడానికేముంది?"

"ఆగు... ఆగవే... అబ్బ, నా వల్ల కాదు... 'అదే చెప్పమందండి' అనా!"

"నా మీద కూడా కేసు పెడతారేమోనని నేను చస్తుంటే! చాల్లే, ఆపు. కళ్ళ నీళ్ళు తుడుచుకో. నువ్వు ఇట్లా నవ్వడం నేను మర్చేపోయాను."

"నేనూ మర్చిపోయాను... ఉండు, చెంగు ఇటివ్వు... లాయరమ్మ ఏమంది?"

"'నా సర్వీసులో ఇలాంటి సాక్షిని చూడలేదు' అంది. తిట్టిందో మెచ్చుకుందో అర్థం కాలేదు. కేసు నిలబడుతుందా అంటే, ఇప్పుడే ఏమీ చెప్పలేనని కారెక్కి వెళ్ళిపోయింది."

"అతను?"

"అతనికేం. మెట్ల మీదే కడిగి పారేశాను. మొహం చూపించొద్దన్నాను. పెళ్ళీ లేదు, పెటాకులూ లేవన్నాను. 'సరే' అన్నాడు. చూశావా? 'సరే' అట! ఒక్కసారి బతిమాలితే ఏం పోయింది? వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, 'అక్కడ ఒక్క అబద్ధం చెప్తే, చూసిందంతా నిజమేనా అని నాకే అనుమానమొచ్చేది' అన్నాడు. వేదాంతం ఒకటి!"

"అంతేనా? వెళ్ళిపోయాడా?"

"వెళ్ళిపోయాడు. పోనీలే, పీడా పోయింది. నీకూ ఇష్టం లేదు. లేని ఇష్టం తెచ్చుకోమని అడగను. ఉన్నదున్నట్టు అనడం తప్ప ఏదీ చేతకాని మనిషితో బతకడం నాకూ కష్టమే. ఎదుటివాళ్ళ మనసు నొప్పించకుండా మాట్లాడటమనేదే తెలీదు."

"తెలీదు. నేనెరుగుదును."

"నువ్వెరగడమేంటి? వాడి పేరెత్తితేనే చీదరించుకుంటావ్."

"ఇక్కడికొచ్చాడొకసారి. మీ అన్న పోయిన కొత్తలో. నువ్వు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళావప్పుడు. ఇదిగో, ఈ గుమ్మంలోనే నిలబడ్డాడు. చివర్లో నన్ను తలుచుకున్నాడా అని అడిగాను. అప్పటికే అందరూ చెప్పారు తలుచుకున్నాడని. నా పేరే కలవరించాడని. అక్కడ లేనివాళ్ళు కూడా చెప్పారు. ఉన్నవాడు వీడొక్కడే. 'లేదండి' అన్నాడు."

"నీ మొహం మీదే అన్నాడా?"

"మొహం మీదే."

"అందుకా నీకంత మంట?"

"అందుకు కాదు. ఆ మాట దిగమింగుకున్నాను. ఆ తర్వాత ఇంకో మాట చెప్పాడు. దానికి తలుపేశాను."

"ఏం మాట? నాతో ఎప్పుడూ అనలేదే!"

"అనడు. చచ్చినవాడి నోట్లో మాటలు పెట్టి నీ పిరికితనం కడుక్కోకు, ఈ మాట ఇంకెక్కడైనా అన్నావో ఊరుకోనన్నాను. మళ్ళీ నోరెత్తలేదు. నువ్వన్ని తిట్లు తిట్టినా అనలేదు. ఇవాళ కోర్టులో ఎందుకు పారిపోయావని అడిగితే కూడా అనలేదంటున్నావ్. భయమేసిందని ఊరుకున్నాడంటున్నావ్."

"వదినా, ప్రాణం తోడకు. ఏం మాటది?"

"అబద్ధమనుకున్నానే పిట్టా. తప్పించుకోడానికి అల్లిన కథనుకున్నా. వాడికి అబద్ధం ఆడటమే రాదని నువ్వొచ్చి చెప్పేదాకా అదే అనుకున్నా."

"ఏమన్నాడు?"

"కత్తి చూడగానే మీ అన్న వీణ్ణి షట్టరు బయటికి తోశాడంట. తోసి, 'పరిగెత్తరా' అన్నాడంట."