నాలుగింటి బస్సు

సభకు అధ్యక్షత వహించిన విద్యామండలి సభ్యులు ప్రూయిట్ గారికి, నా పక్కనే కూర్చున్న తల్లిదండ్రుల సంఘం అధ్యక్షురాలు మెరెడిత్ లాన్సింగ్ గారికి, నాతోపాటు ఇన్నేళ్ళు ఈ బడిలో గొంతులు అరగదీసుకున్న ఉపాధ్యాయ మిత్రులకు, వంటలు వండి మోసుకొచ్చిన తల్లులకు, వాటిని బల్లలమీద సర్ది ఏదో ఘనకార్యం చేసినట్టు నిలబడ్డ తండ్రులకు (నవ్వులు), కేకు ఎప్పుడు కోస్తారా అని నా మెడమీద కత్తి పెట్టినట్టు చూస్తున్న పిల్లలకు, అందరికీ నమస్కారం.

నన్ను చాలా పొగిడారు. ప్రూయిట్ గారు నన్ను ఈ ఫెర్న్‌లీ హిల్ బడికి తల్లివంటిదన్నారు. మెరెడిత్ అయితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఈ మాటల్లో సగమైనా ఈ వసంతంలో చెప్పి ఉంటే బడి ప్రిన్సిపాల్‌గా ఇంకో మూడేళ్ళు మీ ప్రాణాలు తీసి ఉండేదాన్ని. (నవ్వులు) నవ్వండి, నవ్వండి. నాకు మాత్రం నవ్వు రావడంలేదు. వయసైపోయి వెళ్తున్నానని ఆహ్వానపత్రంలో వేశారు. వయసు మాట నిజమే, మోకాళ్ళు రోజూ గుర్తు చేస్తున్నాయి. కానీ నేను వెళ్తున్నది మోకాళ్ళ వల్ల కాదని ఈ హాల్లో అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ ఎత్తని మాటను నేను ఎత్తకుండా దిగిపోతే రాత్రి నాకు నిద్ర పట్టదు.

పెద్దరోడ్డుకి అవతల గార్‌ఫీల్డ్ కోర్ట్ అపార్ట్‌మెంట్ల పిల్లలు పన్నెండేళ్ళుగా పొద్దున్న బస్సెక్కి మన బడికి వస్తున్నారు, సాయంత్రం నాలుగింటికి అదే బస్సులో వెళ్తున్నారు. ఈ వసంతంలో మన విద్యామండలి ఏ పేట పిల్లలు ఏ బడికి వెళ్ళాలో చెప్పే హద్దులు మళ్ళీ గీసింది. గీత సరిగ్గా పెద్దరోడ్డు మీదుగా పోయింది. వచ్చే ఆగస్టు నుంచి ఆ బస్సు ఇక్కడికి రాదు. ఆ పిల్లలు ఇంకా దూరాన ఉన్న, ఇప్పటికే కిక్కిరిసిన బడికి వెళ్ళాలి, చీకటి ఉండగానే లేచి వేరే బస్సు ఎక్కాలి. ఆ గీతకి చెయ్యెత్తినవారిలో మన అధ్యక్షులు కూడా ఒకరు. తప్పుగా అనుకోకండి ప్రూయిట్ గారూ, పిలిచి దండ వేశారు కదా అని నోరు కట్టేసుకునే మనిషిని కాను. చాలాకాలం మీరు గోడమీద పిల్లిలా కూర్చున్నారు. చివరికి దూకారు, దూకిన వైపు నాకు నచ్చలేదు, అంతే.

మెరెడిత్ కూతురు ఫీబీ సంగతి మీకు చెప్పాలి. ఫీబీ, తల దించుకోకు, నిన్ను తిట్టడంలేదు. రెండో తరగతిలో ఉండగా ఈ పిల్ల ఒకరోజు ఎవరికీ చెప్పకుండా నాలుగింటి బస్సెక్కేసింది. గార్‌ఫీల్డ్ కోర్ట్‌లో ఉండే సబా దీని ప్రాణస్నేహితురాలు. సబా వాళ్ళమ్మ అబెబా ఇథియోపియా నుంచి వచ్చినావిడ, ఇంజెరా అని పుల్లటి అట్టు వేస్తుంది, దానిమీద పప్పు పోసుకుని చేత్తో తింటారు. ఫీబీకి అది తినాలనిపించింది, వెళ్ళింది. ఇక్కడ మాత్రం కొంప మునిగినంత గోల. పోలీసులకి ఫోను, నాకు ఫోను. చివరికి అబెబాయే ఫోన్ చేసి, "మీ అమ్మాయి మా ఇంట్లోనే ఉందమ్మా, మూడో అట్టు తింటోంది, కంగారుపడకండి" అంది.

నేనూ మెరెడిత్ కారులో బయల్దేరాం. రోడ్డు దాటితే గార్‌ఫీల్డ్ కోర్ట్. ఇటువైపు ఇన్నేళ్ళు కాపురమున్న మెరెడిత్, "డొలోరెస్, ఎటు తిప్పాలి?" అని నన్ను అడిగింది. అబెబా మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ గింజలు అప్పటికప్పుడు వేయించి కాచింది. వాళ్ళలో మూడు కప్పులు తాగితేనే ఆ ఇంటికి వచ్చినట్టు, మధ్యలో లేస్తే అలిగి వెళ్ళినట్టు. మెరెడిత్ ఒక్క కప్పు తాగి, ఆలస్యమైందంటూ లేచింది. అబెబా గుమ్మం దాకా వచ్చి, "మిగతా రెండూ బాకీ ఉన్నాయి, మళ్ళీ రావాలి" అని నవ్వింది. ఆ బాకీ ఇంకా అలాగే ఉంది.

అయితే మెరెడిత్ మనసు చెడ్డది కాదు. ఆ మాట కూడా ఇక్కడే చెబుతాను. ఆ కాఫీ ఆమెకి మనసులో పడింది. ఈ ఏడాది చలికాలంలో, గార్‌ఫీల్డ్ కోర్ట్ తల్లిదండ్రులందరినీ పిలిచి ఇదే హాల్లో స్వాగత విందు చేద్దామంది. ఎంత సంబరంగా చేశారో! రంగురంగుల తోరణాలు, పది భాషల్లో స్వాగతం, మీలో ప్రతి ఇంటినుంచీ ఒక వంటకం. విందు సాయంత్రం ఏడింటికి. ఏడయింది, ఎనిమిదయింది. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. తెచ్చిన వంటలు తెచ్చినవాళ్ళే తిని, మూతలు పెట్టుకుని, మొహాలు మాడ్చుకుని ఇళ్ళకి పోయారు.

మర్నాడు అబెబాని అడిగాను, ఎందుకు రాలేదమ్మా అని. నావైపు జాలిగా చూసింది. "మమ్మల్ని పిలిచారు సరే, బస్సుని పిలవలేదు కదమ్మా" అంది. అంతేనండీ. నాలుగు దాటాక అక్కడినుంచి ఇక్కడికి బస్సులేదు. రోడ్డు మీద కాలిబాట లేదు, పిల్లల్ని చంకనేసుకుని చీకట్లో ఆ కార్ల మధ్య ఎవరు దాటుతారు? ఇంటికి మూడు కార్లున్న మనకి ఒక్కరికీ ఆ మాట తట్టలేదు. నేను వరండాలోనే మెరెడిత్‌ని ఆపి చెప్పాను. పాపం, మొహం జేవురించింది. "అయ్యో, ఎంత పనైంది డొలోరెస్! ఈసారి కార్లు మనమే పంపిద్దాం" అంది. ఆ 'ఈసారి' రానేలేదు. దానికి ముందే హద్దుల గొడవ వచ్చింది.

ఆ గొడవలో మీరు ఎలా ఉన్నారో నాకు తెలుసు, పొద్దున్నే మీ వీధుల్లోంచే నడిచి వస్తాను. ఒకే ఇంటిముందు పచ్చికలో రెండు బోర్డులు. ఒకటి 'అందరికీ స్వాగతం', దాని పక్కనే 'మా బడి మా పేటకే'. ఎవర్ని కదిపినా ఒకటే పాట. "మేం ఎవరికీ వ్యతిరేకం కాదు మేడం, కానీ..." ఆ 'కానీ' రాగానే నేను కళ్ళజోడు తీసి తుడుచుకునేదాన్ని, మీ మొహాలు కాసేపు మసగ్గా కనిపిస్తే నాకు సుఖంగా ఉండేది. (కొద్దిగా నవ్వులు) ఒకాయన, "అంత చిన్నపిల్లలు రోజూ బస్సులో కుదుపులు పడటం మాకే బాధగా ఉంది మేడం" అన్నాడు. ఇప్పుడు మన దయవల్ల వాళ్ళు అంతకు రెండింతల దూరం కుదుపులు పడతారు. పొమ్మనలేక పొగపెట్టడం అంటారే, ఆ పొగని కూడా దయ అని పిలిచిన ఊరు మనదే.

హద్దులమీద బహిరంగ విచారణ రోజు మీరంతా 'మా బడి మా పేటకే' అని రాసిన ఆకుపచ్చ చొక్కాలు వేసుకుని వచ్చారు. మాట్లాడటానికి తలా రెండు నిమిషాలు. మన పేట కాబ్ గారు లేచి, "వాళ్ళకే మనతో కలవాలని లేదండీ. విందు చేసి పిలిచాం, ఒక్కరూ గుమ్మం తొక్కలేదు" అన్నారు. చప్పట్లు మోగాయి. మెరెడిత్ ఆయన పక్క కుర్చీలోనే ఉంది. ఎందుకు రాలేదో ఆ హాల్లో తెలిసినవాళ్ళం ఇద్దరమే. నా వంతు అయిపోయింది, మళ్ళీ లేస్తే కూర్చోమన్నారు. ఆమె వంతు మిగిలే ఉంది. నేను ఆమెవైపు చూశాను, ఆమె ఒళ్ళోకి చూసుకుంది. వద్దు మెరెడిత్, లేవకండి, కూర్చోండి. మీమీద కోపం లేదు. బాధ ఉంది, అది తగ్గడంలేదు.

ఇప్పుడు ఒకసారి ఈ హాలు కలయజూడండి. 'అన్ని కుటుంబాలకూ ఆహ్వానం' అని వేశారు. గార్‌ఫీల్డ్ కోర్ట్ నుంచి ఎవరైనా వచ్చారా? ఎలా వస్తారు? ఈ సభ కూడా ఏడింటికే పెట్టారు. 

అందుకే నా వీడ్కోలు సభ ఒకటి ఇందాక బస్సులోనే అయిపోయింది. నాలుగింటికి బస్సెక్కి, డ్రైవర్ పక్కన నిలబడి పిల్లలకి చెప్పాను, రేపట్నించి నేను రిటైరవుతున్నానర్రా అని.  సబా కిటికీ దగ్గర్నుంచి అడిగింది: "మీతోపాటు మా బస్సు కూడా రిటైరవుతోందా మేడం?" పక్క పిల్లాడు, "బస్సులు రిటైరవ్వవే మొద్దూ" అని దాని జడ లాగాడు.  నేను వెళ్ళి సబా జడ సరిచేసి దిగిపోయాను. ఫీబీ బడి మెట్లమీద నిలబడి బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. అది చూశాక ఈ దండ నాకు బరువుగానే ఉందండీ.

చివరిగా మీ కానుక సంగతి. నా పేరు చెక్కిన బెంచీ ఒకటి బడిముందు, బస్సు ఆగేచోట వేయించారు. మంచి చెక్క, మీ అభిమానానికి కృతజ్ఞురాలిని. కానీ ఆ బెంచీమీద ఆగస్టు నుంచి ఎవరు కూర్చుంటారు? ఇక్కడ ఇక బస్సే ఆగదు. మీ పిల్లలు కార్లోంచి దిగి నేరుగా లోపలికి పోతారు. అడిగితే, నిన్ననే సిమెంటు పోశారట. అయితే ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. దాన్ని తవ్వి తీసి గార్‌ఫీల్డ్ కోర్ట్ ముందు, పిల్లలు చీకట్లో బస్సుకోసం నిలబడేచోట వేయించండి. (ఒకరిద్దరి నవ్వులు) నవ్వకండి, వేళాకోళం కాదు. నా ఒక్క కోరిక ఇదే. వేయించకపోయినా నేను మాత్రం బడి తెరిచేరోజు పొద్దున్నే అక్కడ ఉంటాను. ఇంటినుంచి మడతకుర్చీ తెచ్చుకుంటాను.

సహనంగా విన్నందుకు, వినలేకపోయినా లేచిపోనందుకు, మీ అందరికీ కృతజ్ఞతలు. వంటలు చల్లారిపోతున్నాయి, భోంచేయండి. ఎప్పుడైనా నన్ను చూడాలనిపిస్తే అక్కడికే రండి, మిగిలిన రెండు కప్పుల కాఫీ కూడా అక్కడే ఉంది. దారి తెలియకపోతే ఫీబీని అడగండి.

ఇక నాకు సెలవిప్పించండి.