ఆగని వేలు

స్కానింగ్ గది పక్కన కంప్యూటర్ల గది. లోపల ఇద్దరే ఉన్నారు: ఒకరు స్కాన్ తీసే ఆమె, మరొకరు పిల్లల మెదళ్ల మీద పరిశోధన నడుపుతున్న డాక్టరమ్మ.

"తలుపు వేశాను మేడం. ఇప్పుడైనా చెప్పండి, ఆ స్కాన్ మా పాపదేనా?"

"ముందు నువ్వు చెప్పు. ఆ ఫైలు ఎందుకు తెరిచావ్?"

"పొరపాటున…"

"పన్నెండేళ్లుగా స్కాన్లు తీస్తున్నావ్. పొరపాటున తెరుచుకుంటుందా?"

"తెరిచాను. తప్పే. తర్వాత తిడుదురుగాని, ముందు చెప్పండి."

"ఫైళ్ల మీద పేర్లుండవు, నంబర్లే. మీ పాపకి స్కాన్ తీసినరోజు నిన్ను గదిలోకి రానివ్వలేదు కూడా. మీ పాపదని నీకెవరు చెప్పారు?"

"పళ్లు చెప్పాయి. దానికి పళ్ల వెనక తీగ వేయించాంగా, బొమ్మలో అక్కడ నల్లగా మచ్చ పడింది. కన్నతల్లిని, ఆమాత్రం పోల్చుకోలేనా?"

"పళ్లకి తీగ ఉన్న పిల్లలు ఈ నెల్లో నలుగురొచ్చారు తల్లీ."

"నలుగురా? అయితే… అయితే పాపది కాదా?"

"అవుననీ చెప్పను, కాదనీ చెప్పను. తల్లులకైనా చెప్పబోమని పిల్లలకి రాసిచ్చాం. నువ్వే దగ్గరుండి సంతకాలు పెట్టించావు."

"స్కాన్‌లో పడుకోబెట్టి ఆడించే ఆ బొత్తాం ఆటలో ఎర్ర గుర్తు పడితే నొక్కకుండా ఆగాలి కదా? యాభైసార్లలో ముప్పైసార్లు ఆగలేదు ఆ పిల్ల. ఆగలేని పిల్లలే రేపు మత్తులో పడతారని మీరేగా అన్నారు!"

"పడతారనలేదు. వందల మందిని కలిపి చూస్తే అలాంటివాళ్లకి ప్రమాదం కాస్త ఎక్కువ అన్నాను. ఒక్క పిల్ల జాతకం చెప్పే యంత్రం కాదది. ఆ వయసులో మెదడుకి బ్రేకు ఇంకా తయారవుతూనే ఉంటుంది. అలవాటు కాకముందే చెయ్యి పట్టుకుని ఆపుదామనే కదా మన తాపత్రయమంతా."

"నేనూ అదే చేస్తున్నా. ఫోన్ లాక్కున్నాను. స్నేహితుల ఇళ్లకి పంపడం మానేశాను. నిన్న దాని బ్యాగంతా వెతికాను."

"నీకేమన్నా పిచ్చా? ఏమన్నా దొరికిందా?"

"లేదు."

"మరెందుకు వెతికావ్?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ వెతకరు. ఫైలు తెరవకముందే నీకు భయం పట్టుకుంది. ఏం పోయింది మీ ఇంట్లో?"

"ఏం లేదు మేడం, ఏం లేదు."

"అలా ఏడిస్తే నాకేం తెలుస్తుంది? నువ్వు దాచేకొద్దీ పిల్లకే ముప్పు. చెప్పు."

"మాత్రలు. రెండు తగ్గాయి. బీరువాలో, చీరల కింద పెట్టాను."

"ఏం మాత్రలు?"

"నొప్పివి."

"నొప్పి మాత్రలు చీరల కిందెందుకు? నా వైపు చూడు. ఎలాంటివి?"

"గట్టివి. మగత తెప్పించేవి."

"ఎవరివి?"

"బయట వాళ్లకి వినిపిస్తుంది మేడం…"

"నేను అరవట్లేదు. ఎవరివి?"

"నావే. మొదట్లో నడుం నొప్పికే వేసుకున్నాను మేడం. నొప్పి తగ్గి మూడేళ్లయింది."