కంటి చుట్టూ నల్లరంగు

"నానమ్మా, నాన్న చిన్నప్పటి బొమ్మలో ఆ కంటి చుట్టూ నల్లమరక ఏటే?"

అదా... అది మీ తాత చేతి రంగమ్మా. డబ్ల్యూఆర్ఎస్‌లో, అదే రైలు వేగన్లు బాగుచేసీ షాపులో, వాటి మీద నంబర్లు రాసీవోడు కదా, ఆ డబ్బాలోదే. నవ్వకు. నవ్వీ సంగతి కాదది.

బొమ్మేసింది జర్మనీ ఆవిడ. పేరు మాకు నోరు తిరిగీది కాదు, మేమ్‌సాబ్ అనీవోళ్లం. ఆవిడ అక్క, కాదు కాదు, చెల్లెలు, ఇక్కడ మిషనాసుపత్రిలో నర్సు. ఆ చెల్లెల్ని చూసి పోదామని వచ్చి ఈవిడా ఇక్కడే ఉండిపోయింది. వాళ్ల దేశంలో మనుషుల బొమ్మలెయ్యడమే ఆవిడ పని. యుద్ధమయ్యాక తల్లులు చచ్చిపోయిన కొడుకుల ఫోటోలు పట్టుకొచ్చి, నవ్వుతున్నట్టు వెయ్యమ్మా అని ఏడ్చీవోరట. ఏళ్ల తరబడి వేసిందట, పాపం. ఆఖరికి, ఆ లేని నవ్వులు ఇంక నా వల్ల కాదు, ఎదురుగా కూచున్న మనిషినే వేస్తాను, ఉన్నదున్నట్టే వేస్తాను అని ఒట్టు పెట్టుకుందట. మా వంటింట్లో పీట మీద కూచుని, వచ్చీరాని హిందీలో ఆవిడే చెప్పింది.

ఉన్నదున్నట్టు వేస్తే ఎవరు కొంటారే? సేఠ్ ఒకడు, మొహం మీద మశూచి మచ్చలన్నీ వేసీసిందని బొమ్మ విసిరికొట్టాడు. ఇంక మా రైల్వే కాలనీ వాళ్లనే కూచోబెట్టి ఊరికే వేసీది. గ్లాసుడు టీ ఇస్తే చాలు. అప్పట్లో పాలెంత చవకనుకున్నావు... సర్లే, ఎక్కడున్నాను?

ఆఁ, మీ నాన్న. రెండేళ్ల గుంటడు, వాణ్నీ కూచోబెట్టి వేసింది. దీపం ఎలుగులో వాడి ఎడమకన్ను తళుక్కుమనీది. పిల్లికళ్లోడు, పిల్లికళ్లోడు అని మేం మురిసిపోయీవోళ్లం. ఓలమ్మో, దానికి మురిసిపోయాం చూడు!

బొమ్మ ఇంటికొచ్చాక చూద్దుం కదా, ఒక కన్ను నిగనిగ నల్లగా ఉంది, రెండోది మధ్యలో తెల్లగా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. మీ తాతయితే, "రంగుల పని నాకు తెలీదనుకుందేటి?" అని వేగన్ల నలుపు తెచ్చి ఆ తెలుపు మీద చక్కగా దిద్దీసాడు. ఇప్పుడు బాగుందని నేనూ మెచ్చుకున్నాను.

ఆ వారంలోనే మేమ్‌సాబ్ వచ్చింది. బొమ్మ చూసింది. అరుస్తాదనుకున్నాం, అరవలేదు. చాకు తీసి ఆ నలుపు గీకీసింది. చుట్టూ కొంచెం ఉండిపోయింది, అదే నువ్వు చూసింది. అప్పుడు పిల్లాణ్ని ఎత్తుకుని కిటికీ దగ్గరకెళ్లి, నన్ను పిలిచి, "దేఖో" అంది. "మైనే నహీఁ బనాయా. హై" అంది. చూడు, నేను వెయ్యలేదు, అక్కడుంది అని. మంచికన్నుని అరచేత్తో మూసి, బిస్కట్ ఒకటి ముందు పట్టింది. గుంటడు బిస్కట్ కోసం చెయ్యి చాపి గాలిలో తడుముకుంటున్నాడే! బిస్కట్ ఎదురుగానే ఉంది. రోజూ ఆ కంటికి కాటుక పెట్టిన తల్లిని, నాకు కనబడలేదేటమ్మా?

కంట్లో గడ్డ అన్నాడు డాక్టరు. కన్ను తీసీయకపోతే పిల్లాడే దక్కడన్నాడు. తీసీసారు. ఇప్పుడున్నది గాజుదని నీకు తెల్సిందే.

మేమ్‌సాబ్ చాన్నాళ్లు ఇక్కడే ఉండి, చెల్లెలు రిటైరయ్యాక ఇద్దరూ వాళ్ల దేశం వెళ్లిపోయారు. మేమ్‌సాబ్ అక్కడే పోయిందని విన్నాం. ఆ కబురొచ్చిన రోజు ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.

మీ అమ్మ సంబంధం వచ్చినప్పుడు మీ నాన్న ఫోటో పంపాలి కదా. స్టూడియో అతను, "ఫికర్ మత్ కరో, బెంగపడకండి, ఆ కన్ను దిద్దీస్తాను, ఎవరికీ తెలీదు" అన్నాడు. నేను సరే అనబోయాను. మీ తాత అతని చేతిలో బ్రష్ చూసి గబుక్కున పట్టీసుకున్నాడమ్మా. "వద్దు బాబూ, కన్ను దిద్దడం నేనొకసారి చేశాను" అన్నాడు.

ఆ ఫోటో అలగే పంపాం. మీ అమ్మ చూసింది, ఒప్పుకుంది. లేకపోతే నువ్వెక్కడే... ఇలగ రా, నీ కళ్లు చూడనీ. చల్లగా ఉండు తల్లీ, నిన్నూ ఉన్నదున్నట్టు చూసీవోడే దొరకాల...