శాంతిరాజ్ బండి చప్పుడు

కమాన్‌పూర్ మండల మేజిస్ట్రేటు ఎదుట, క్వారీ గుంతలో దొరికిన ఎముకల విచారణలో సాక్షి చెప్పగా రాసుకున్నది.

నా పేరు భూపాల్. తండ్రి సదయ్య, బొగ్గు బావిలో పని చేసి రిటైరయ్యాడు. నా వయసు నలభై మూడు. గోదావరిఖనిలో మోటార్ సైకిళ్ళ మెకానిక్ షాపు నడుపుతున్నాను. నాకు తెలిసింది నా ఇష్టంతోనే చెబుతున్నాను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు.

గత నెలలో ఎండలకు పాత క్వారీ గుంతలో నీళ్ళు దిగిపోయి ఒక బండి, దాని కింద ఒక మనిషి ఎముకలు బయటపడ్డాయి. ఆ బండి నా స్నేహితుడు శాంతిరాజ్‌దేనా కాదా చెప్పడానికి నన్ను పిలిచారు. నంబరు ప్లేటు లేదు. ఛాసిస్ నంబరును తుప్పు తినేసింది. ఇంజను మేము స్క్రాపులో కొని ఎక్కించింది, కాబట్టి దాని నంబరు అతని కాగితాలతో కలవదు. బండి అతనిదని తేలితే ఎముకలు భార్య కెరోలిన్‌కు ఇస్తారు, ఆమె సమాధి చేసుకుంటుంది. తేలకపోతే హైదరాబాదు నుంచి పరీక్ష ఫలితం వచ్చేదాకా అవి సంచిలోనే ఉంటాయి.

రెండేళ్ళ కింద శాంతిరాజ్ కనబడకుండా పోయినప్పుడు నేను ఠాణాలో ఒక వాంగ్మూలం ఇచ్చాను. ఆనాటి మాటకూ ఇప్పుడు చెప్పబోయే మాటకూ పొసగదని, ఏదో ఒకటే చెప్పమని ఎస్ఐ గారు అన్నారు. నేను రెండూ చెబుతాను.

శాంతిరాజ్ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో ఒక కాంట్రాక్టరు కింద డంపరు నడిపేవాడు. షిఫ్టు దిగగానే ఇంటికి పోకుండా నా షాపులో కూర్చునేవాడు. చుట్టం కాదు. అయినా రెండు టీలు చెప్పడం నాకు అలవాటైపోయింది. అతను పోయాక కూడా చాలా రోజులు రెండే చెప్పాను. టీ కొట్టతను రెండూ పంపేవాడు.

అతనికి బండి పిచ్చి. రెండు వందల సీసీ ఇంజను, దాన్ని ఇంకా లేపాలి, ఇంకా ఉరికించాలి. అందుకు క్యామ్ షాఫ్టు మార్చాలని పట్టుబట్టాడు.

క్యామ్ షాఫ్టు అంటే ఏమిటో చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. జానెడు కూడా ఉండని ఇనుప కడ్డీ. ఇంజను తలలో తిరుగుతుంటుంది. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో బుడిపెలు ఉంటాయి. బుడిపె ముక్కు వచ్చి నొక్కినప్పుడు వాల్వు తెరుచుకుంటుంది. ఒక వాల్వు గాలీ పెట్రోలూ లోపలికి పిలుస్తుంది, ఇంకోటి పొగను బయటికి పంపుతుంది. ముక్కు ఎంత పొడుగుంటే వాల్వు అంత లోతుకు దిగుతుంది. బుడిపె ఎంత వెడల్పుంటే అంతసేపు తెరిచి ఉంటుంది. ఇంజను ఎప్పుడు ఊపిరి పీల్చాలో ఎప్పుడు వదలాలో ఆ కడ్డీయే చెబుతుంది. కంపెనీ వాళ్ళు ఇచ్చే షాఫ్టు అందరికీ సరిపోయేది, కూరగాయలకూ పోవచ్చు, డ్యూటీకీ పోవచ్చు. బుడిపెలు పెద్దవి చేస్తే బండి పైవేగంలో పిచ్చిగా లాగుతుంది. కానీ నిదానంగా పోయేటప్పుడు దానికి ఊపిరాడదు. రెండు వాల్వులూ ఒకేసారి కొంచెం తెరిచి ఉండే సమయం పెరుగుతుంది, అందుకని నిలబెట్టినప్పుడు తడబడుతుంది.

షాఫ్టు మార్చమని వచ్చిన ప్రతివాడినీ నేను ఒకటే అడుగుతాను, ఎక్కడ నడుపుతావని. గల్లీలో తిరిగేవాడికి పెద్ద షాఫ్టు దండగ. చెప్పులు పెద్ద సైజు కొంటే గొప్ప అనుకుంటే నడవలేం. శాంతిరాజ్‌కు అదే చెప్పాను. వినలేదు. గోదావరి బ్రిడ్జి దాటి మంచిర్యాల రోడ్డు మీద ఉరికించాలన్నాడు, అన్నిటికన్నా పెద్దదే కావాలన్నాడు. చివరికి నడిమి సైజుకు ఒప్పించాను. మంచిర్యాలలో లేతు పని చేసే పోశంతో ఇంకో షాఫ్టుకు పొడుగు ముక్కు బుడిపెలు రుద్దించి, విప్పిన కంపెనీ షాఫ్టును శాంతిరాజ్‌కే ఇచ్చాను. ఆ షాఫ్టుకు తగ్గట్టు వాల్వు స్ప్రింగులు గట్టివి వేశాను. వాల్వులు ఇప్పుడు ఎక్కువ లోతుకు దిగుతాయి కాబట్టి పిస్టన్‌కు తగిలి విరగకుండా పిస్టన్ నెత్తిన రెండు గుంటలు కోశాను. రెండో గుంట దగ్గర నా చెయ్యి జారి ఒక గీత పడింది. చంద్రవంకలా ఉంటుంది. శాంతిరాజ్ అది చూసి, "పోనీ అన్నా, దిష్టి చుక్క" అన్నాడు.

ఆ షాఫ్టు ఎక్కాక బండి చప్పుడు మారింది. రెండు అడుగులు వేసి, మూడోది మరిచిపోయి, గుర్తొచ్చి మళ్ళీ వేసినట్టు ఉండేది. మా బజారులో అట్లాంటి చప్పుడు ఇంకోటి లేదు. సందు మొదట్లో ఉండగానే నేను టీ చెప్పేవాణ్ణి.

కెరోలిన్‌కు ఆ చప్పుడు పడేది కాదు. ఆమె బడిలో పాఠాలు చెబుతుంది, మాట తక్కువ. బ్రిడ్జి రోడ్డు మీద మొగిలి అనే పిల్లగాడు బండి ఉరికిస్తూ పడి కాలు విరగ్గొట్టుకున్నాక ఆమె నా షాపుకు వచ్చింది. నాతో మాట్లాడలేదు. శాంతిరాజ్‌తోనే, నా ముందరే అంది. "ఆ షాఫ్టు తీసి, తెచ్చి నా చేతిల పెట్టు. గప్పుడే నీ ఇంటికొస్త." అని అటు నుంచి అటే బస్సెక్కి కమాన్‌పూర్ అవతల ఊళ్ళో తల్లి సుసన్నా ఇంటికి పోయింది.

నేను నవ్వాను. అది రాయండి. ఆమె పోయాక నేను నవ్వి, "అది తీస్తే ఇగ పాలక్యాన్లు కట్టుకో బండికి" అన్నాను. అతనూ నవ్వాడు. ఆ తర్వాత నాలుగు రోజులు షాపుకు రాలేదు.

అయిదో రోజు శనివారం, వాన పట్టింది. సాయంత్రం ఆరు దాటి ఉంటుంది, కరెంటు లేదు. నేను షట్టరు సగం దించి కూర్చున్నాను. అప్పుడు ఆ చప్పుడు విన్నాను. రెండు అడుగులు, మరిచిపోయిన మూడోది, మళ్ళీ. సందు మొదట్లో కాసేపు ఆగింది. నేను టీ చెబుదామని లేచాను. అది లోపలికి రాకుండా మంచిర్యాల దిక్కు మళ్ళి బ్రిడ్జి వైపు పోయింది. బండిని కళ్ళతో చూడలేదు. చెవులతో విన్నాను. అంతే.

శాంతిరాజ్ ఆ రాత్రి ఇంటికి రాలేదు. మర్నాడూ రాలేదు. ఠాణాలో అడిగితే విన్నది విన్నట్టు చెప్పాను. దాంతో బ్రిడ్జి అవతల వెతికారు. మంచిర్యాల లాడ్జీలు, రైలు స్టేషను, ఆసిఫాబాద్ దాకా వెతికారు. ఏమీ దొరక్కపోయేసరికి జనం తలా ఒక మాట వేశారు. చిలికి చిలికి గాలివాన అయింది. ఎవరితోనో లేచిపోయాడన్నారు, ఆమె పేరు కూడా చెప్పారు. అవేవీ నేనన్న మాటలు కావు. కానీ అన్నిటికీ మొదలు నేను చెప్పిన బ్రిడ్జి. కెరోలిన్ మెడలో గొలుసు తియ్యలేదు, చర్చిలో మాత్రం వెనక వరసలోకి మారింది. భర్త పోయినవాళ్ళ పక్కన కూర్చోవాలా, ఉన్నవాళ్ళ పక్కనా అని ఎవరో అడిగారట.

ఆ రెండేళ్ళూ నాకు ఆ చప్పుడు వినబడింది. రోజూ కాదు. వాన పట్టిన సాయంత్రాలు. సందు మొదట్లో ఆగుతుంది, లోపలికి రాదు. మొదట్లో బయటికి ఉరికి చూసేవాణ్ణి. బండి ఉండదు. నాకు తాగుడు అలవాటు లేదు. ఈ మాట నా భార్య అనసూర్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. "చెవులు చూపించుకో, దవాఖానకు పోదాం" అంది. పోయాం. చెవులు బాగానే ఉన్నాయన్నారు. అప్పటి నుంచి నేను ఎవరికీ షాఫ్టు మార్చలేదు.

మొన్న బుధవారం పొద్దున పది గంటలకు క్వారీ ఒడ్డున, పంచనామా చేసేవాళ్ళ ముందు ఇంజను విప్పాను. కెరోలిన్ కూడా వచ్చింది. తల్లి సుసన్నా ఆమె మోచెయ్యి పట్టుకుని నిలబడింది. ఇంజను తల మూత తీశాను. లోపల ఉన్నది నేను ఎక్కించిన షాఫ్టు కాదు. కంపెనీ షాఫ్టు. చిన్న బుడిపెలు. అది చూసి, ఈ బండి శాంతిరాజ్‌ది కాదని నేను అన్నాను. ఆ మాట పంచనామాలో పడింది. కెరోలిన్ కింద కూర్చుంది.

కానీ స్ప్రింగులు గట్టివి ఉన్నాయి. కంపెనీ షాఫ్టు నడిపేవాడు అంత గట్టి స్ప్రింగులు ఎందుకు వేస్తాడు? అనుమానం వచ్చి బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండరు, కూడా లేపాను. బురద కడిగాను. పిస్టన్ నెత్తిన రెండు గుంటలు. రెండో గుంట పక్కన చంద్రవంక గీత. షాఫ్టును తీసి ఇంకోటి పెట్టొచ్చు, కోసిన గుంట పూడదు. ఆ గీత నా చెయ్యి జారి పడింది. ఆ బండి శాంతిరాజ్‌దే. ముందు కాదన్నది తప్పు, దాన్ని దిద్దుకోవాలని కోరుతున్నాను.

షాఫ్టు మార్చింది అతనే. నేను కాదు. అది కూడా ఇంజనే చెప్పింది. షాఫ్టును తిప్పే టైమింగు చైను ఒక పన్ను తప్పి ఉంది. అతను ఎన్నడూ ఒంటరిగా చైను కట్టలేదు, ఎప్పుడూ నేను కడుతుంటే చూసేవాడు. అట్లా ఒక పన్ను తప్పితే బండి నడుస్తుంది, నీరసంగా నడుస్తుంది. దానివల్లే గుంతలో పడ్డాడని నేను అనను. వానకు ఒడ్డు జారింది, ఆ ముక్క అక్కడి రైతులూ చెప్పారు. కానీ నా దగ్గరికి వచ్చి ఉంటే టీ చల్లారేలోపు సరిచేసేవాణ్ణి. పాలక్యాన్ల మాట అన్నాను కదా, అందుకే రాలేదు.

ఇంకొకటి. ఆ క్వారీ సుసన్నా ఊరికి పోయే దారి పక్కనే ఉంది. నేను ఎక్కించిన షాఫ్టుతో ఆ దారిన పోయి ఉంటే కమాన్‌పూర్ నుంచి సుసన్నా ఇంటి దాకా అందరూ ఇళ్ళలోంచి తొంగి చూసేవాళ్ళు. శాంతిరాజ్ ఇటు పోయాడని తెల్లారేసరికి పదిమంది చెప్పేవాళ్ళు. ఆ రోజు మామూలు బండిలా పోయాడు కాబట్టి ఎవరూ తల తిప్పలేదు.

బుధవారం ఇంజను చూశాక, సీటు పక్కన ఉన్న ఇనుప పెట్టె తెరిచారు. తాళం తుప్పు పట్టి ఉంటే నేనే సుత్తితో కొట్టాను. లోపల ప్లాస్టిక్ కవరు, దాని మీద రబ్బరు బ్యాండ్లు, లోపల గుడ్డ. గుడ్డలో నేను ఎక్కించిన షాఫ్టు. గ్రీజు పూసి ఉంది. షాఫ్టును ఎన్నడూ పొడిగా పెట్టొద్దని నేనే చెప్పాను. తుప్పు చుక్క లేదు. ఆ గుడ్డ కెరోలిన్ చర్చికి కప్పుకునే తెల్ల ముసుగు. అంచున లేసు ఉంది. అంతా గ్రీజే. బతికి ఉంటే ఆ ముసుగు పాడు చేసినందుకు తిట్లు తినేవాడు.

ఆమె లేచి వచ్చి ఇదేంటని అడిగింది. షాఫ్టు ఎట్లా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. చెప్పాను. దాన్నే చూస్తూ, "నా దగ్గరికే వస్తుండెనా అన్నా?" అంది. నీ దగ్గరికే అన్నాను. చెయ్యి చాపింది. కానిస్టేబులు, ముట్టుకోవద్దమ్మా, కేసు సామాను అన్నాడు. అతని తప్పు లేదు. ఆమె చాపిన చెయ్యి అట్లాగే కాసేపు ఉంచి, తర్వాత కొంగులోకి తీసుకుంది.

ఇప్పుడు ఎస్ఐ గారి ప్రశ్నకు వస్తాను. షాఫ్టు పెట్టెలో గుడ్డలో ఉంటే, బండి క్వారీ దారిలో ఉంటే, బ్రిడ్జి దిక్కు పోయిన చప్పుడు ఎవరిది అన్నారు. ఆనాడు అబద్ధం చెప్పానని రాసుకుంటే సరిపోతుందన్నారు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని మొండికేయడం లేదు. ఆనాడు నేను అబద్ధం చెప్పలేదు. విన్నాను. అది ఆ షాఫ్టు చప్పుడే. అది ఎట్లా వినబడిందో నాకు తెలియదు. నా మాట వల్ల ఆమె రెండేళ్ళు మొగుడు వదిలేసిన మనిషిగా బతికింది. అది మాత్రం తెలుసు. బుధవారం నుంచి నేను అయిదింటికే షట్టరు దించి ఇంటికి పోతున్నాను. ఆ చప్పుడు ఇంకా వస్తుందో ఆగిపోయిందో తెలుసుకునే ధైర్యం నాకు లేదు.

నేను చెప్పింది రాసి నాకు చదివి వినిపించారు. రెండు మాటలూ, విన్నదీ చూసిందీ, నాకు తెలిసినంతలో నిజం. దేనినీ కొట్టివేయమని నేను కోరను. చివర ఒక మనవి చేర్చమని అడిగాను, చేర్చారు. కేసు ముగిశాక ఆ షాఫ్టును నాకు ఇవ్వొద్దు, వేలం వెయ్యొద్దు. శాంతిరాజ్ తరఫు చుట్టాలు గానీ, మంచిర్యాలలో దాన్ని రుద్దిన పోశం గానీ, ఎవరు వచ్చి అడిగినా ఇవ్వొద్దు. దాన్ని కెరోలిన్ చేతిలో పెట్టండి. సంచిలో వేసి పంపకండి. చేతిలోనే పెట్టండి.

(సంతకం) భూపాల్