పొద్దుగూకంగ వచ్చే స్వామి

సిరిసిల్లల ఒక ఇల్లు. బట్ట నేసే సాంచ ఆగి ఉన్నది. పొద్దుగూకుతున్నది.

“బాపు అనకు బిడ్డా. అంజన్న మాల ఏస్కున్నంక స్వామి అనాలె.”

“సరే స్వామీ. చేతులెందుకు వణుకుతున్నయ్?”

“నేను వణుకుతలేను. అంజన్న వణికిస్తుండు.”

“అవ్వా, నువ్వన్న చెప్పు. ఫోన్ చేస్తివని జగిత్యాల ఫార్మసీ కాలేజికెల్లి ఉరికొచ్చిన.”

“ఏం చెప్పాలె భాగ్యా? మాల ఏసిన రెండ్రోజులకే షురువైంది. చెమటలు, వణుకు. నిన్న సాంచ మీద కోతులు కూసున్నయన్నడు. సాంచ బంద్ చేసి అరటిపండ్లు పెట్టిన.”

“కోతులు తిన్నయా?”

“పక్కింటి శంకరవ్వ మనుమలు తిన్నరు.”

“గా శంకరవ్వనే టెంకాయ కొట్టి నా కాళ్ళు మొక్కింది బిడ్డా. చిన్నకొడుకు పెండ్లి ఎప్పుడైతదని అడిగింది.”

“నువ్వేమన్నవ్?”

“వచ్చే మాఘం.”

“బాపూ!”

“అన్నది నేను గాదు, స్వామి.”

“మరి గా స్వామి పొద్దుగాల పూజకు ఎందుకు రాడు? సరిగ్గ నువ్వు మాలకు ముందు రోజూ కల్లుకు పోయే టైముకే ఎందుకు వస్తడు?”

“గట్లనకు, కండ్లు పోతయ్.”

“అంజన్నను అంటలేను. నీ మీదికి వచ్చింది ఆయన గాదంటున్న. అవ్వా, చాయ్ సగం కిందనే పోసినవ్!”

“చెయ్యి జారింది తీయ్.”

“మీ అవ్వ నిన్న కుండ గూడ పలగ్గొట్టింది. సలిజ్వరమట. నువ్వు నా సంగతి చెప్పు.”

“నువ్వు తాగిన కల్లుల నిద్రమందు కలుపుతరు.”

“అసలు ఈతకల్లు బిడ్డా అది!”

“మీ కల్లు దుకాణం చుట్టుపక్కల ఈతచెట్లెన్ని? తాగేటోళ్ళెందరు?”

“చెట్లు తక్కువనే. తాగేటోళ్ళం మస్తు.”

“ఇగ విను. నీ నరాలు ఒక బస్సు అనుకో. అండ్ల సీట్లుంటయ్. నీ ఒంట్లనే ఒక నెమ్మది సరుకు పుడ్తది. అది వచ్చి సీట్ల కూసుంటేనే బస్సు కుదురుగ పోతది. కల్లుల మందు దాని పక్కన ఇరుక్కొని కూసొని, ఇంకింత నెమ్మది చేపిస్తది.”

“మంచిదే గదా!”

“ఏండ్లకేండ్లు రోజూ వస్తే? గింత నెమ్మది ఎందుకని ఒళ్ళే సీట్లు పీకేస్తది. అందుకే ఒక సీస తాగేకాడ రెండు తాగబట్టినవ్. ఇప్పుడు మందు ఒక్కసారే బంద్ పెట్టినవ్. సీట్లు లేవు, మందు లేదు. బస్సుకు బ్రేకుల్లేవు.”

“ఉన్న సీటు మీద తువ్వాల ఏస్తే? జగిత్యాల బస్సుకు ఏస్తం సూడు, కిటికీలకెల్లి.”

“గసొంటి మందులు గూడ ఉన్నయ్. తాము పని చెయ్యవు, ఇంకోదాన్ని కూసోనియ్యవు. నీకు గది ఏస్తే వణుకు ఇంకింత పెరిగి శంకరవ్వ మనుమని పెండ్లి గూడ చెప్తవ్.”

“నవ్వకు. రేపు కొండగట్టుకు నడుస్తున్న. అంతా అంజన్న సూస్కుంటడు.”

“తొవ్వల మూర్ఛ వచ్చి లారీ కింద పడ్తే? నవ్వుతలేను బాపూ. మా సార్ను అడిగే వచ్చిన. ఇయ్యాల్నే దవాఖానకు పోవాలె. కల్లుల కలిపే అసొంటి మందే గోలీగ ఇస్తరు, కొంచెం కొంచెం తగ్గించుకుంట. ఈలోపట ఒళ్ళు మళ్ళ సీట్లు బిగించుకుంటది.”

“మాల మెడల ఉండంగ కల్లుల మందు మింగాల్నా? పాపం గాదా?”

“అంజన్న మందు కోసం ఏం తెచ్చిండు?”

“...కొండ.”

“ఆయన కొండ మోసిండు. నువ్వు గోలీ మింగలేవా?”

“అరె! రాజవ్వా, సూసినవా నీ బిడ్డ నోరు?”

“నీ నోరే అది స్వామీ.”

“సరే పా. శంకరవ్వకు మాత్రం చెప్పకుండ్రి, మాఘం అని బట్టలు గూడ కొనుక్కున్నదట.”

“ఆటో పిలుస్త. నేను, బాపు పోతం. అవ్వా, నువ్వు ఇంట్ల దీపం సూస్కో.”

“నేను గూడ వస్త బిడ్డా.”

“నువ్వెందుకే రాజవ్వా? జ్వరం తగ్గలేదంటివి.”

“జ్వరం గాదు. ఇంట్ల మాల ఉన్నదని నేను గూడ ఆనాడే కల్లు బంద్ పెట్టిన. ఆయన వణికితే టెంకాయ కొట్టిండ్రు, నేను వణికితే కుండ పలగ్గొట్టిన్నని తిట్టిండ్రు.”