నాగులు సైకిలుకి ముందు సీటు

చిన్న కథే. సుబ్బరత్నం టీ కాచేలోపు అయిపోతుంది. అంటే కొంచెం పెద్దదే అనుకోండి, ఎందుకంటే సుబ్బరత్నం పాలు పొయ్యి మీద పెట్టి, బస్సు దిగినవాళ్లు ఎవరింటికి వెళ్తున్నారో చూడ్డానికి రోడ్డు మీదకి వచ్చేస్తుంది. ఆమె కొట్టు పామర్రు బస్టాండుకి ఎదురుగా ఉంది. అక్కడ పొద్దున్నే చేరేవాళ్లలో మీరావలి గాజులమ్ముతాడు. ఏ ఆడమనిషి చెయ్యి చూసినా సైజు చెప్పేస్తాడు, వాళ్లావిడకి మాత్రం ఇంతవరకూ సరిపోయే గాజులు తేలేదు. కృపానందం గారు ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యారు. బెంచీ మీద కూర్చున్నా ఎడమ చెయ్యి గేరు మీద ఉన్నట్టే పెట్టుకుంటారు. నా గురించి వీళ్లేమనుకుంటారో నాకు తెలుసు, అది ఈ కథలోకి రాదు.

చెప్పాల్సింది నాగులు గురించి. సైకిలు మీద ఊరూరా తిరిగి చేపలమ్ముతాడు. భార్య అంకాలమ్మ పోయాక ఒక్కడే ఉంటున్నాడు. కూతురు హేమ, అల్లుడు గణేష్ విజయవాడలో కాపురం. ఆ ఆదివారం హేమ బస్సెక్కానని ఫోను చేసింది, ఈసారి పాపని తప్పకుండా తీసుకొస్తానని ముందే చెప్పింది. నాగులు ఇస్త్రీ చొక్కా వేసుకుని, సైకిలు కడిగి, మా ముందు స్టాండు వేశాడు. ముందు కడ్డీ మీద పసిపిల్లల సీటు మెరుస్తోంది. పాపని అందులో కూర్చోబెట్టుకుని ఇంటిదాకా తొక్కుతాడట. బస్సు వచ్చేదాకా అతను చెప్పేది మాకు వినక తప్పలేదు.

"ఏదో సీటు కొన్నాడులే అనుకోకండి. విజయవాడ వన్‌టౌన్లో సైకిలు షాపులన్నీ తిరిగా. ఒకాయన వెనక క్యారియరు మీద పెట్టేది చూపించాడు. అయ్యా, వెనక నాకు చేపల పెట్టె ఉంటది, పిల్లని చేపల మీద కూర్చోబెట్టమంటావా అన్నా. ఇంకోటి పేముది, ముద్దుగానే ఉంది, కాళ్లు పెట్టుకునే చోటు లేదు, పిల్ల కాలు చక్రం చువ్వల్లోకి పోతే ఎవడిది పూచీ? ఇంకోడు ఇనపది తెచ్చాడు. ఎండలో పెట్టి చెయ్యి వేసి చూడవయ్యా అన్నా, వేశాడు, అబ్బా అన్నాడు. ఆఖరికి ఇది. మెత్త ఉంది, బెల్టు ఉంది, కాళ్లకి పలక ఉంది. పాప ముందుంటే మనకి కనపడుద్ది, మాట్లాడుకుంటా పోవచ్చు. చేపల వాసన వెనక్కి పోద్ది, పాప దాకా రాదు."

ఇంతవరకూ నమ్మొచ్చు. సుబ్బరత్నం కూడా నమ్మింది.

"మొదటిసారి పాపని ఎక్కించుకుని కూచిపూడి పోయానా, దారంతా గుంటలే గదా, పాప చేతిలో పాలగ్లాసు నిండుగా ఉంది, ఒక్క చుక్క ఒలికితే ఒట్టు."

"పాలసీసా గదయ్యా తాగేది?" అంది సుబ్బరత్నం.

"గ్లాసే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అక్కడ ఆడపిల్లలు డాన్సు నేర్చుకుంటన్నారు. నేను పెట్టె తెరిచి కొర్రమీను తూస్తా ఉన్నా, పాప సీట్లో కూర్చుని చేతులు తడతా ఉంది, ఆ దరువుకి పిల్లలంతా అడుగు మార్చేశారు. మాస్టారు బయటికొచ్చి, నాగులు గారూ, ఈ పాపని ఇక్కడే వదిలెయ్యండి, నేనే ఆమె దగ్గర నేర్చుకుంటా అన్నారు. నేను ఒప్పుకోలా. సీటు ఖాళీగా ఉంటే సైకిలు బరువెక్కుద్దండి."

"ఖాళీగా ఉంటే బరువేంది అన్నా?" అన్నాడు మీరావలి.

"తొక్కేవాడికి తెలుసుద్ది. ఇంకోరోజు ఉయ్యూరు దాటాక ఒక బస్సుని దాటేశా. బస్సులో జనమంతా పాపకి టాటా చెప్పాలని ఒకే పక్కకి వచ్చేసరికి బస్సు ఒరిగిపోయింది. పాప వేలు చూపించి, లే అంది. లేచింది."

"బస్సు అట్టా లేవదయ్యా," అన్నారు కృపానందం గారు, మనసు నొచ్చుకుని.

"మీరు నడిపింది కాదు లెండి. అప్పుడు లేచింది సముద్రం గాలి! కాలవగట్టు మీద నుంచి సైకిలుని అమాంతం ఎత్తేసింది. కింద వరిచేలు చాపలు పరిచినట్టున్నాయి. చేపల వాసనకి కొంగలు వెంటపడ్డాయి, ఒక్కో కొంగ ఒక్కో చేప లాక్కుంటా ఉంటే పెట్టె తేలికై మేం ఇంకా పైకి, ఇంకా పైకి. పాప వెనక్కి తిరిగి వాటిని వరసలో రమ్మంది."

"పాపకి మాటలొచ్చా?" అన్నాం మేం.

"కొంగల మాటలు. బ్యారేజీ దాటాం, కొండ చుట్టూ తిరిగాం, తిన్నగా హేమ వాళ్ల మేడమీద వరండాలో దిగి గంట కొట్టా. హేమ తలుపు తీసి, నాన్నా వచ్చావా, కాళ్లు కడుక్కో, అన్నం పెడతా, ఇవాళ ఇక్కడే పడుకో, నువ్వు లేకపోతే పాప నిద్రపోదు అంది."

కొంగల దగ్గర పడీపడీ నవ్విన మేం ఇక్కడ నవ్వలేదు.

"ఏం కూర వండింది?" అంది సుబ్బరత్నం. ఎవరింట్లో ఏం కూరో తెలుసుకోకపోతే ఆమెకి తోచదు.

నాగులు ఆలోచించాడు. కొంగల మాటలకి కూడా ఆలోచించని మనిషి. "చూసుకోలా," అన్నాడు.

మీరావలి గ్లాసు కింద పెట్టాడు. "అన్నా, కోప్పడమాక. సీట్లో నువ్వు తిప్పింది బియ్యం మూట. టోపీ పెట్టావు, బెల్టు కట్టావు. కూచిపూడి రోడ్డులో నేను ఎదురొచ్చి, పాపని ముద్దు చేద్దామని దగ్గరికొచ్చి ఆగిపోయా. నువ్వు దానికి చేలు చూపిస్తన్నావు. ఊళ్లో అందరికీ తెలుసు. పాప ఇంకా నీ సైకిలెక్కలేదు."

"బరువెంతో హేమని అడిగి అంతే కట్టా," అన్నాడు నాగులు. "అలవాటవ్వాలి గదా. మలుపులో హ్యాండిలు లాగుద్ది."

బస్సు వచ్చింది. హేమ దిగింది, భుజాన బ్యాగుతో. నాగులు ఆమె వెనక బస్సు తలుపు వైపే చూశాడు. కండక్టరు రైట్ చెప్పాడు.

"పాపేదమ్మా?"

"గణేష్ దగ్గరుంది నాన్నా. రేపట్నుంచి నాకు డ్యూటీ. పాపని మా సందు చివర, పిల్లల్ని చూసుకునే క్రెచ్‌లో వేశాం. గణేష్ సైకిలు మీద దింపుతానన్నాడు. షాపుల్లో సీట్లు చూశాం, నాకేదీ ధైర్యం చాల్లేదు. నువ్వు ఫోన్లో ఈ సీటు గురించి అంతసేపు చెప్పావు గదా..." మా అందరి వైపూ చూసి గొంతు తగ్గించింది. "ఇది ఇస్తావా?"

మేం టీగ్లాసుల్లోకి చూసుకున్నాం. నాగులు పక్క షాపులో స్పానరు అడిగి తెచ్చి బోల్టులు విప్పాడు. విప్పుతూ చెప్పాడు. "బోల్టులు వదులైతన్నాయేమో చూసుకోమను. బెల్టు కట్టకుండా కదలొద్దను. కాళ్లు పలక మీదే ఉండాలి. స్టాండు వేసి పాపని సీట్లో వదిలి పక్కకి పోవద్దు, సైకిలు పడిపోద్ది. పాప ఆసరా లేకుండా కూర్చుంటందా?"

"కూర్చుంటోంది నాన్నా."

"బ్రేకులు రెండూ చూపించుకోమను."

హేమ టీ తాగింది. తిరుగు బస్సులో సీటు ఒళ్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రం నాగులు చేపలమ్ముకుని కొట్టు దగ్గర ఆగాడు. హేమ ఫోను చేసిందా అని సుబ్బరత్నమే అడిగింది.

"చేసింది. పాప కూర్చుందంట. ఏడవలేదంట."

ఇంకేమైనా చెబుతాడేమోనని చూశాం. మీరావలి బెంచీ మీద జరిగి చోటు కూడా ఇచ్చాడు. నాగులు నిలబడే టీ తాగి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.